మూడో ఈక

ధీరజ్ రియాద్ హెడ్డాఫీసు నుంచి దిగిన రోజే అతని కారుకి నీడ ఉన్న పార్కింగ్ చోటు ఇచ్చారు. ఆ చోటు కోసం నేను ఈ ఆసుపత్రిలో ఉద్యోగానికి చేరినప్పటి నుంచీ అడుగుతున్నాను. నా కడుపుమంట ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే ఆ పార్కింగ్ చోటే చూపిస్తాను.

నా పేరు చాముండేశ్వరి. ఏలూరులో ఎస్సైగా పనిచేసి, రాజీనామా చేసి, మా ఆయన ఉద్యోగం వెంట ఖమీస్ ముషైత్ వచ్చాను. ఇక్కడి ప్రైవేటు ఆసుపత్రిలో మందులు మాయమైనా, పేషెంటు మంచం మీంచి పడినా, నర్సుల హాస్టల్లో గొలుసు పోయినా విచారణ చేసేది నేనే. చేసేదాన్ని అనాలేమో. ఎందుకంటే శుక్రవారం ఎడ్విన్ ఫ్లెచర్ సంగతి బయటపడగానే మా డైరెక్టర్ డాక్టర్ నౌమాన్ నాతో ఒక్క ముక్కైనా అనకుండా రియాద్‌కి ఫోన్ చేశాడు. శనివారం మధ్యాహ్నానికల్లా ధీరజ్ వచ్చి వాలాడు. ముప్ఫై ఏళ్ళ హైదరాబాదు కుర్రవాడు. రెండు ల్యాప్‌టాప్‌లు, గదంతా నిండే సెంటు, చెప్పిందే చెప్పి గెలిచే గొంతు. డైరెక్టర్ అతని భుజం మీద చెయ్యి వేసి "మై బ్రదర్" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారి "సిస్టర్" అన్నాడు, అదీ నర్సుననుకుని.

విషయం ఇదీ. ఎడ్విన్ ఫ్లెచర్ ఇంగ్లండు మనిషి. ఆసుపత్రి యంత్రాల విభాగానికి హెడ్. యాభై దాటాయి, పెళ్ళి లేదు. శుక్రవారం జుమా నమాజు అయ్యాక పక్క విల్లా డాక్టరు వెళ్ళి చూసేసరికి ఫ్లెచర్ తన విల్లా పనిగదిలో కుర్చీలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. షుగర్ జబ్బే లేని మనిషికి రక్తంలో షుగర్ అడుగంటిపోయింది. ఎవరో ఇన్సులిన్ ఎక్కించారు. ఇప్పటికీ ఐసీయూలో స్పృహ లేకుండానే ఉన్నాడు. ఆ పొద్దున వార్డు మందుల గది నర్సు కృపామణి కార్డుతో తెరుచుకుంది. కృపామణి టిఫిన్ క్యారేజీ ఫ్లెచర్ బల్ల మీద ఉంది. పోలీసులు వచ్చి చూసి, ఆసుపత్రి రిపోర్టు కోసం ఆగారు. ఆదివారం సాయంత్రపు అసర్ నమాజు కాగానే డైరెక్టర్ దాని మీద సంతకం పెడతాడు. అందులో ఏ పేరుంటే ఆ మనిషిని తీసుకెళ్తారు.

కృపామణి వచ్చే నెల ఉద్యోగం వదిలేసి, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద నరసాపురం వెళ్ళిపోవాల్సిన మనిషి. ఇద్దరు ఆడపిల్లలు అక్కడ అమ్మమ్మ దగ్గర ఎదురుచూస్తున్నారు. రిపోర్టులో ఆమె పేరు పడితే ఆ పిల్లలు తల్లిని మళ్ళీ ఎప్పుడు చూస్తారో ఎవరూ చెప్పలేరు.

ఆమె భర్త ప్రేమరాజు మా ల్యాబులోనే టెక్నీషియన్. ఆదివారం ఉదయం నా షుగర్ పరీక్షకి రక్తం తీసింది అతనే. దూది పెట్టి టేపు అంటిస్తూ, తర్వాత తీసుకునేటప్పుడు గోటితో గీరుకోనక్కర్లేకుండా కొస లోపలికి మడిచాడు. అంత బాధలోనూ అంత శ్రద్ధ.

"మా బావగారు కళ్ళు తెరుస్తారంటారా మేడమ్?" అని ఫ్లెచర్ గురించి అడిగాడు.

"తెరుస్తాడయ్యా. నువ్వు పక్కనే ఉంటున్నావు కదా," అని ధైర్యం చెప్పాను.

ఐసీయూలో సొంతవాళ్ళని తప్ప కూర్చోనివ్వరు. ఈ దేశంలో ఫ్లెచర్‌కి సొంతవాళ్ళంటే ఈ భార్యాభర్తలే. అందుకని శనివారం సాయంత్రం ప్రేమరాజుకి బంధువు పాస్ రాసి సంతకం పెట్టి ఇచ్చింది నేనే. ధీరజ్ వచ్చిన పూటే ఇచ్చానంటే, నా సంతకం ఇంకా చెల్లుతుందో లేదో చూసుకోవడానికి కూడా కావచ్చు.

*

మధ్యాహ్నం జోహర్ నమాజు అయ్యాక కృపామణిని నా గదికి పిలిచాను. యూనిఫాంలోనే వచ్చింది. రెండు రాత్రులు నిద్రలేని కళ్ళు.

"కూర్చో అమ్మా. ఫ్లెచర్ నీకు ఏమవుతాడో నీ నోటితో చెప్పు. రిపోర్టులో రాయాలి."

"అన్నయ్యండి. మీకు తెలీనిదేముందండి? మా పుట్టింటి పేరూ ఫ్లెచరే కదండి."

తెలియకపోవడమేమిటి, ఆసుపత్రిలో తెలుగువాళ్ళందరికీ తెలుసు. కృపామణి ముత్తాత కరువులో తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని నరసాపురం దగ్గర మిషన్ బోర్డింగులో పెరిగాడు. ఆ బోర్డింగు నడిపిన దొరసాని పేరు ఫ్లెచర్. బడిలో వేసేటప్పుడు ఇంటిపేరేమిటని అడిగితే చెప్పడానికి ఎవరూ లేరు. దొరసాని తన పేరే ఇచ్చింది. అలా పేరు తెచ్చుకున్న పిల్లలు ఇంకా ఇద్దరున్నారు. ఆ మూడు కుటుంబాల మధ్య రక్తసంబంధం ఏమీ లేదు, ఒకే బోర్డింగులో గంజి తాగారంతే. అయినా ఇప్పటిదాకా వాళ్ళలో వాళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకోలేదు. ఒకే ఇంటిపేరు, అన్నాచెల్లెళ్ళ వరస. క్రైస్తవులైనా వరసలు మానుకోలేదు.

కాబట్టి ఇక్కడికొచ్చిన కొత్తలో యూనిఫాం మీద పేరు చూసి ఫ్లెచర్ "నీదీ నా పేరే!" అని ఆశ్చర్యపోతే, కృపామణి మరో ఆలోచన లేకుండా "అన్నయ్యా" అంది. ఆయనకి ఆ మాట నచ్చింది. "చెల్లెమ్మా" అనడం నేర్చుకున్నాడు. ప్రేమరాజు ఆయన్ని "బావగారూ" అన్నాడు. ప్రతి శుక్రవారం చెల్లెలింటి నుంచి అన్నగారికి క్యారేజీ వెళ్ళేది. వేరే మనిషైతే ఈ రాకపోకల మీద ఆసుపత్రంతా కథలు అల్లేది. వీళ్ళ మీద ఒక్క మాట పుట్టలేదు.

"మీ మధ్య గొడవేమైనా వచ్చిందా?"

"గొడవా? ఎందుకండి? ఆయన పోయిన వారం కూడా మా ఇంట్లోనే భోంచేశారండి. ఐసీయూలో చేసే సుజితా వాళ్ళూ వచ్చారు. చేపల పులుసు పెట్టాను. ఫోన్లో మా పెద్దమ్మాయి అడిగిందండి, మామయ్యా, అమ్మ వాళ్ళ ఇంటిపేరుకి అర్థమేంటని. ఇంకంతే, ఆయనకి పండగే."

"ఏం చెప్పాడు?"

"ఫ్లెచరంటే బాణాలకి ఈకలు కట్టేవోడంటండి. ఫ్రాన్సు నుంచి రాజులొచ్చి ఏలినప్పుడు వాళ్ళ భాషలోంచి వచ్చిన మాటంట. ఆ రోజుల్లో మగాడన్నవోడు ఆదివారం పూట విల్లు పట్టాల్సిందేనని రాజుల హుకుమంటండి. మరి ప్రతీ ఊళ్ళో బాణాలు చేసేవోడు ఉండాలి కదండి. ఆ పని చేసినోడల్లా ఫ్లెచరే. విల్లు చేసేవోళ్ళు వేరేనంట. వాళ్ళకీ వీళ్ళకీ పడక లండన్‌లో సంఘాలు కూడా విడగొట్టుకున్నారంట. తర్వాత తుపాకులొచ్చి పని పోయింది, పేరు మాత్రం మిగిలింది అన్నారండి."

విల్లు చేసేవాడికీ ఈకలు కట్టేవాడికీ పడలేదంటే నాకేమీ ఆశ్చర్యమనిపించలేదు. ఒకే బాణాన్ని నాదంటే నాదనుకునే ఇద్దరి మధ్య సంగతి అంతే. పై అంతస్తులో ధీరజ్ నా కేసుని తనదిగా చేసుకుని కూర్చున్నాడు.

"తర్వాత?"

"తర్వాత నవ్వేసి అన్నారండి. ఇంగ్లండులో ఫ్లెచర్లందరూ ఒకే ఇంటోళ్ళు కారు, ఏ ఊరోడు ఆ ఊరోడే, కృపకీ నాకూ రక్తంలో ఏమీ లేదు, ఈమె నేను ఎంచుకున్న చెల్లెలు అని." ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. "అందరూ చప్పట్లు కొట్టారండి. మా ఆయన ఒక్కరే పెరుగు వేసుకోకుండా లేచిపోయారు. పులుసు కారమైపోయిందన్నారు."

ఆ మాట విన్నాను. విని వదిలేశాను. అప్పుడు నా మనసు వేరే ప్రశ్న మీదుంది.

"శుక్రవారం క్యారేజీ ఎప్పుడూ ప్రేమరాజు కదా ఇచ్చొచ్చేది. మొన్న ఎవరిచ్చారు?"

"నేనేనండి." ప్రశ్న పూర్తికాకముందే జవాబొచ్చేసింది.

"నువ్వే వెళ్ళావా?"

"నేనే వెళ్ళానండి. బల్ల మీద పెట్టి వచ్చేశాను." మోకాళ్ళ మీద రెండు చేతులూ బిగించి కూర్చుంది. చూపు నా కుర్చీ వెనక గోడ మీద ఉంది.

ఎస్సైగా ఉన్నప్పుడైతే అక్కడే పట్టుకుని అడిగేదాన్ని. కానీ ఆ జవాబు నిజమైతే ధీరజ్ గెలుస్తాడు, అబద్ధమైతే ఎందుకో నాకు తెలీదు. రెండూ నాకు ఇష్టం లేవు. అంతలో తలుపు కొట్టకుండా ధీరజే వచ్చాడు. ఆమె చివరి జవాబు గుమ్మంలోనే విన్నట్టున్నాడు.

"ఇంటరాగేషన్ అయిందా మేడమ్? ఆమెను పంపుండ్రి. జర మాట్లాడాలె."

కృపామణి వెళ్ళింది. అతను నా బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు.

"డేటా క్లియర్ ఉంది. శుక్రవారం పొద్దుగాల ఆమె కార్డు మందుల రూమ్ ఓపెన్ చేసింది. ఆ దినం ఆమెకు డ్యూటీనే లేదు. ఫుడ్ ఆమెది. ఇంజెక్షన్ ఇచ్చుడు ఆమె పని. ఇంక ఏం కావాలె?"

"ఎందుకు చంపాలనుకుంటుంది? కారణం చెప్పు."

"లవ్ అఫైర్. వచ్చే నెల ఆమె పర్మినెంటుగ పోతున్నది. ఆయన పోనియ్య అన్నడు. సంగతి బయటపెడ్తనని బెదిరించిండు. సింపుల్."

నాకు నవ్వొచ్చింది. మొన్నటి నుంచి మొదటిసారి హాయిగా నవ్వాను.

"నీ ల్యాప్‌టాప్‌లో వరసలు లేవు నాయనా. వాళ్ళిద్దరిదీ ఒకే ఇంటిపేరు. కృష్ణా గోదావరి జిల్లాల్లో ఏ ఆడపిల్లా ఇంటిపేరు కలిసినవాడి వైపు ఆ చూపు చూడదు. ఈ ఊళ్ళో ఏ తెలుగువాణ్ణయినా అడుగు."

"అందరు గట్లనే అన్నరు. అందుకే నాకు డౌటు వచ్చింది." ల్యాప్‌టాప్ మూశాడు. "మేడమ్, ఫ్లెచర్ అంటే బాణాలు చేసెటోడు. నెట్ల చూసిన. ఊరికి ఒకడుంటడు. మా ఇంటిపేరు ఏందో ఎరుకనా మీకు? బాణాల. బాణాల ధీరజ్. ఆ లెక్కన నేను గూడ ఆమెకు అన్ననే. నన్ను కూడ ఐసీయూల కూసుండబెట్టుండ్రి."

ఒళ్ళు మండిపోయింది. మండింది ఎందుకంటే అతను చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మన ఇంటిపేరు ఒక వంశాన్ని చెబుతుంది, వాళ్ళ ఇంటిపేరు ఒక పనిని చెబుతుంది. కృపామణి పేరు తీసి వాళ్ళ దేశంలో పెడితే దానికి చుట్టరికం లేదు. అది నాకు తట్టాలి. పదమూడేళ్ళు పోలీసు ఉద్యోగం చేసినదాన్ని నాకు తట్టకుండా, నిన్నగాక మొన్న వచ్చినవాడికి తట్టింది.

"గది నేను చూడలేదు," అన్నాను తాళాలు తీసుకుంటూ. "నువ్వు రాకముందే మీ రియాద్ ఆఫీసువాళ్ళు వచ్చి సీలు వేశారు. ఇప్పుడు చూస్తాను."

"మావోళ్ళు ఫోటోలు తీసిండ్రు గదా."

"ఫోటోలు నువ్వు చూసుకో."

నేను పార్కింగ్‌లోకి వచ్చేసరికి అతని కారు నీడలోంచి చల్లగా బయటికొస్తోంది. నా స్టీరింగ్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. కాంపౌండుకి అతనే ముందు చేరాడు.

*

గేటు దగ్గర లాల్ అహ్మద్ ఉన్నాడు. పెషావర్ మనిషి, ఫ్లెచర్ విల్లా ఉన్న కాంపౌండుకి పగటి కాపలా. శుక్రవారం పొద్దున కొండల మీంచి దిగిన పొగమంచులో గేటు కెమెరాకి తెల్లటి గోడ తప్ప ఏమీ దొరకలేదు. కాబట్టి ఇతని కళ్ళే మిగిలాయి.

"నేను అడిగేసిన మేడమ్," అన్నాడు ధీరజ్. "మెహమాన్ ఎవరన్న వచ్చిండ్రా అంటే ఎవరూ రాలేదన్నడు. అంటే స్టాఫ్ కార్డుతోని ఆమె వెనక గేటు నుంచి వచ్చుంటది."

నేను లాల్ అహ్మద్ వైపు తిరిగాను. "లాల్ భాయ్, మెహమాన్ సంగతి వదిలెయ్. జుమా కే దిన్ ఖానా కౌన్ లాయా?" అంటూ శుక్రవారం భోజనం తెచ్చిందెవరో అడిగాను.

"ఖానా? వో తో బహనోయీ సాబ్ లాయే. హర్ జుమా వహీ లాతే హైఁ."

చెల్లెలి మొగుడు తెచ్చాడట, ప్రతి శుక్రవారంలాగే. ప్రేమరాజు. ధీరజ్ నోరు తెరిచాడు.

"నాకెందుకు చెప్పలే నువ్వు? ముఝే క్యోఁ నహీఁ బతాయా?"

లాల్ అహ్మద్ నొచ్చుకున్నాడు. "ఆప్ నే మెహమాన్ పూఛా థా సాబ్. బహనోయీ మెహమాన్ హోతా హై క్యా? ఫ్లెచర్ సాబ్ నే ఖుద్ కహా థా, యే ఘర్ కే ఆద్మీ హైఁ, ఇన్ కో మత్ రోకో."

ఇతను ఇంటిమనిషి, ఆపొద్దని ఫ్లెచరే చెప్పాడట. ఇంటిమనిషిని అతిథి కింద ఎవరు లెక్కవేస్తారు? నాకు లోపల పండగలా ఉంది. ధీరజ్ మెడ ఎర్రబడింది.

"చూశావా? ఆ పిల్ల ఇక్కడికి రానే లేదు," అన్నాను.

"సరే. అయితే వచ్చిన అని మీకెందుకు చెప్పింది?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఆ ముక్క నా నోటి నుంచి రానందుకు మళ్ళీ మండింది. అతని చేత సీలు తీయించి విల్లాలోకి నడిచాను.

పనిగది చిన్నది. ఫ్లెచర్ తన ఇంటిపేరు తెచ్చిన పనిని సరదాకి నేర్చుకున్నాడు. గోడకి ఒక విల్లు, దాని కింద తను చేసిన బాణాలు. బల్ల మీద సన్నటి దారం, జిగురు, ఈకలున్న డబ్బా. బల్లకి బిగించిన పట్టకారులో సగం పూర్తయిన బాణం ఒకటి నిలబడి ఉంది. బాణానికి మూడు ఈకలుండాలి. దీనికి రెండే ఉన్నాయి. మూడో ఈక కోసం రాసిన జిగురు అలాగే ఎండి చారలా మిగిలింది.

"ఇది చూడు," అన్నాను.

"హాబీ మేడమ్. చూసినం."

"జిగురు రాసినవాడు ఈక పెట్టకుండా లేవడు. ఆరిపోతుంది. అయినా మధ్యలో వదిలేశాడంటే, ఎవరో వచ్చి 'ఒక్క నిమిషం ఇటు తిరగండి' అన్నారు. ఈయన ఇష్టంగానే తిరిగాడు. పెనుగులాట లేదు. ఆ జిగురు సీసా కూడా మూత లేకుండా బల్ల అంచునే నిలబడి ఉంది చూడు."

కుర్చీ చేతుల్ని చూశాను. ఎడమ చేతి మీద మడిచి పెట్టిన చిన్న తువాలు ఉంది. మోచెయ్యి ఆన్చుకోవడానికి పెట్టుకునేలాంటిది. ఐసీయూ డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. సూది గుర్తు ఎడమ మోచేతి మడతలో ఉంది. ఇన్సులిన్ ఇచ్చే నర్సులు పొట్ట మీదో జబ్బ మీదో పొడుస్తారు. మోచేతి మడతలో నరం వెతికేది వేరేవాళ్ళు.

మోకాళ్ళ మీద కూర్చుని కుర్చీ కింద చెయ్యి పెట్టాను. చేతికి ఈక తగిలింది. పైకి తీశాను. మూడో ఈక. దాని వెంట ఏదో అంటుకుని వచ్చింది. తెల్లటి టేపు ముక్క, మధ్యలో గోరంత దూది, దూదిలో ఎండిన రక్తపు చుక్క.

"మావోళ్ళు అది కూడ క్రాఫ్టు సామాను అనుకున్నరు," అన్నాడు ధీరజ్ మెల్లగా. అతని గొంతులో ఆ తగ్గుదల వినడానికి నేను నిన్నటి నుంచీ కాచుకుని ఉన్నాను.

టేపుని కిటికీ వెలుగులో తిప్పాను. ఒక కొస లోపలికి మడిచి ఉంది.

నా ఎడమ చొక్కా చెయ్యి పైకి లాగాను. పొద్దున అంటించిన టేపు తియ్యడం మర్చిపోయాను. దాని కొసా అలాగే మడిచి ఉంది. అదే వెడల్పు, అదే మడత. తీసేటప్పుడు గోటితో గీరుకోనక్కర్లేకుండా.

ధీరజ్ నా చెయ్యి చూశాడు, ఈక చూశాడు. "ఎవరు తీసిండ్రు మీ బ్లడ్?"

చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను. క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టి, "బావగారూ, ఏడాది వైద్య పరీక్ష దగ్గరపడింది కదా, రక్తం ఇక్కడే తీసుకుపోతాను, మీరు రానక్కర్లేదు" అని ఉంటాడు. ఆయన నవ్వుతూ ఈక పక్కన పెట్టి చెయ్యి చాపి ఉంటాడు. చెల్లెలి మొగుడికి చెయ్యి చాపడానికి ఎవరు జంకుతారు? వార్డు కార్డు ఇంట్లో పెళ్ళాం పర్సులో ఉంటుంది.

"ప్రేమరాజు," అన్నాను.

"ఆమె హస్బెండా? ఎందుకు? ఆయన బావ అంటడు గదా?"

పెరుగు వేసుకోకుండా లేచిపోయారు. పులుసు కారమైపోయిందన్నారు.

మా గోదావరి మనిషి ఎంత కారమైనా పెరుగన్నం తినకుండా విస్తరి ముందు నుంచి లేవడు. లేచాడంటే లోపల మరేదో కాలింది. ఇన్నాళ్ళూ తన చేత్తో క్యారేజీ మోసి ఇచ్చి వచ్చాడు. భార్య వేరే మగవాడికి ఇష్టమైనవి అడిగి వండితే మురిసిపోయాడు, అన్నగారు కదా అని. ఆ విందులో అందరి ముందూ ఆ మనిషే నవ్వుతూ చెప్పాడు, మాకు రక్తంలో ఏమీ లేదని. వెనకాలే 'నేను ఎంచుకున్న చెల్లెలు' అన్నాడు. ఆ రెండో మాట ప్రేమరాజు చెవికి చేరలేదు. మొదటి మాట దగ్గరే అతనికి ప్రపంచం ఆగిపోయింది. తిన్న ప్రతి ముద్దా, అన్న ప్రతి "అన్నయ్యా" వెనక్కి తిరిగొచ్చి అతన్ని కాల్చి ఉంటాయి. నీడలో నిలబెట్టిన ఒక కారుకే నాకు నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదు. అతనికి ఎన్ని రాత్రులు పట్టలేదో.

కృపామణి అబద్ధం కూడా అప్పుడు అర్థమైంది. తన కార్డుతో మందుల గది తెరుచుకుందని విన్న క్షణమే ఆమెకి తెలిసిపోయి ఉంటుంది. పిల్లలకి తండ్రి లేకుండా పోవడం కంటే తను లేకుండా పోవడం మేలనుకుంది.

"ధీరజ్." ఈకా టేపూ అతనికి అందించాను. "నువ్వు చెప్పింది నిజం. ఇంటిపేరు కలిస్తే చుట్టాలైపోరు. నేను అది నమ్మి ఉంటే శనివారమే పట్టుకునేదాన్ని."

అతను గెలిచిన మొహం పెట్టలేదు. అప్పటికే ఫోన్ తీస్తున్నాడు. "డైరెక్టర్‌కు చెప్త. ఆయన ఎక్కడున్నడు ఇప్పుడు? ప్రేమరాజు? ల్యాబ్‌లనా?"

ల్యాబులో కాదు.

ఐసీయూలో. బంధువు పాస్ మీద. నా సంతకం మీద.

ధీరజ్ ఫోన్లో ఐసీయూ కెమెరా తెరిచాడు. ఆ వసతి అతనికుందని నాకు అంతవరకూ తెలీదు, అసూయపడే తీరిక కూడా లేదు. తెర మీద ఫ్లెచర్ మంచం కనబడలేదు. చుట్టూ నీలం కర్టెన్ మూసి ఉంది. వార్డు అవతలి చివర ఒక మంచం చుట్టూ జనం మూగి ఉన్నారు.

నేను ఐసీయూ డెస్కుకి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది. చివరికి సుజిత ఎత్తింది, ఆ రోజు ఐసీయూ ఇన్‌ఛార్జి నర్సు, కృపామణి స్నేహితురాలు. ఆయాసపడుతోంది.

"మేడమ్, తర్వాత చెయ్యండి. చివరి బెడ్ పేషెంటుకి గుండె ఆగింది, అందరం అక్కడే ఉన్నాం."

"ఫ్లెచర్ ఎలా ఉన్నాడు?"

"ఓ, మీకు చెప్పనే లేదు కదండి! మంచి కబురండి. పావుగంట క్రితం కళ్ళు తెరిచారు. ప్రేమరాజన్నయ్యని చూసి ఏదో చెప్పబోయారు కూడా. మాట ఇంకా రాలేదు. అన్నయ్యకి దుఃఖం ఆగలేదండి పాపం. కాసేపు ప్రార్థన చేసుకుంటాను, ఎవరూ రావొద్దని కర్టెన్ వేసేసుకున్నాడు."

"సుజితా! కర్టెన్ తియ్యి. ఇప్పుడే వెళ్ళు. పరిగెత్తు!"

"ఏమైందండి? ఆయన ప్రార్థనలో..."

"తియ్యమంటున్నానా!"

ఆమె ఫోన్ బల్ల మీద పడేసింది, పెట్టేయలేదు. బూట్ల చప్పుడు దూరమైంది. పక్కన ధీరజ్ తన తెర నా వైపు తిప్పి పట్టుకున్నాడు. నీలం కర్టెన్ దగ్గరికి సుజిత తెల్ల యూనిఫాం చేరింది. కర్టెన్ రింగులు కమ్మీ మీద జరిగిన చప్పుడు నాకు ఫోన్లో వినిపించింది.

తర్వాత సుజిత గొంతు, నెమ్మదిగా, ఇంకా ఏమీ అర్థం కానట్టు.

"అన్నయ్యా, సెలైన్ ట్యూబుకి ఆ సిరంజి ఎందుకు పెడుతున్నావు?"